అడుగున 1883 అని ఉంటే సరిపోదు: పోత ఇనుప గద్ద హుండీ కొనబోతున్న పాఠకుడికి

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ఫ్లీ మార్కెట్‌లో ఒక పాత ఇనుప హుండీ కంటబడింది. తల్లి గద్ద ముక్కులో నాణెం పెట్టి మీట నొక్కితే అది ముందుకు వంగి గూట్లోకి నాణెం వదులుతుంది, రెండు పిల్లలు నోళ్లు తెరిచి పైకి లేస్తాయి. అవి కిచకిచమని అరవాలట, అరవడం లేదు. రంగు దాదాపు సగం పోయింది. అడుగున 1883 జనవరి 23 పేటెంటు అని పోతలోనే ఉంది కాబట్టి అసలుదేనని చెబుతూ అమ్మేవాడు 350 డాలర్లు అడుగుతున్నాడు. కొనొచ్చా? కొన్నాక రంగు వేయించవచ్చా? వేసవిలో కాకినాడ వెళ్తున్నాం. నాన్నగారికి కానుకగా తీసుకెళ్లాలని ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

సమాధానం: మీరు చెప్పిన గుర్తులను బట్టి అది కనెక్టికట్ రాష్ట్రం క్రామ్‌వెల్‌లో జె. అండ్ ఇ. స్టీవెన్స్ కంపెనీ పోసిన 'ఈగిల్ అండ్ ఈగ్‌లెట్స్' (గద్ద, దాని పిల్లలు) అయినా కావాలి, దాని నకలైనా కావాలి. రెంటిలో ఏదో తేల్చడానికి అడుగునున్న తేదీ మాత్రం పనికిరాదు.

అది పేటెంటు మంజూరైన తేదీ. మీ చేతిలోని వస్తువు ఏ సంవత్సరంలో తయారైందో దాన్నిబట్టి తెలియదు. బొమ్మకు గిరాకీ ఉన్నన్నాళ్లూ అదే తేదీతో పోస్తూనే ఉంటారు. పైగా పోత పనిలో నకలు తీయడం ఏమంత గొప్ప విద్య కాదు. అసలు హుండీని విప్పి, ఒక్కో భాగాన్నీ తడి ఇసుకలో ఒత్తి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తే ఈకలూ దిగుతాయి, అక్షరాలూ దిగుతాయి, తేదీ కూడా దిగుతుంది. 1950ల్లో 'బుక్ ఆఫ్ నాలెడ్జ్' పేరుతో ఇలాంటి పాత హుండీలకు నకళ్లు పోయించి అమ్మారు. వాటిలో మీ గద్ద కూడా ఉంది. అది మోసమేమీ కాదు, ఇది ఫలానా సేకరణలోని అసలుకు నకలని అడుగున రాసి మరీ అమ్మారు. తర్వాత చేతులు మారుతుండగా ఎవరో ఆ రాతను ఆకురాయితో అరగదీస్తే గొడవ మొదలవుతుంది. కాబట్టి హుండీని బోర్లించినప్పుడు తేదీ చదివి ఊరుకోకండి. ఆ చుట్టుపక్కల ఎక్కడైనా ఇనుము పల్చగా, పళ్లెంలా కొద్దిగా లోపలికి దిగి ఉందా, ఒకే దిక్కుకు సన్నని గీతలున్నాయా, ఆ ఒక్కచోటే రంగు కొత్తగా ఉందా అని టార్చిని పక్కవాటంగా పెట్టి చూడండి. పైనుంచి వెలుగు పడితే అరగదీసిన జాగా కనబడదు.

ఇక అసలు పరీక్ష కొలత. పోత ఇనుము గట్టిపడి చల్లారేసరికి ఒక అడుగు పొడవుకు ఎనిమిదో వంతు అంగుళం, అంటే సుమారు నూటికి ఒకటి చొప్పున కుంచించుకుపోతుంది. ఫ్యాక్టరీలో ఈ తగ్గుదలను ముందే లెక్కేసి నమూనాను ఆ మేరకు పెద్దగా చేసుకునేవారు. నకలు తీసేవాడికి దొరికేది తయారైపోయిన బొమ్మ. దాన్నే నమూనాగా వాడతాడు కాబట్టి వాడి పోత ఒక శాతం చిన్నదవుతుంది. నకలుకు నకలు తీస్తే రెండు శాతం. మీ గద్ద హుండీ పీఠం సుమారు 8 అంగుళాలుంటుంది గనుక మొదటి నకలులో 2 మిల్లీమీటర్ల తేడా రావాలి. కంటికి ఆనదు, వెర్నియర్ కాలిపర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఈ హుండీల సేకరణలో తలపండినవాళ్లు అసలు బొమ్మల పీఠాల చుట్టూ గీసిన గీతల కాగితాలు దగ్గర పెట్టుకుంటారు. 1958లో మొదలైన 'మెకానికల్ బ్యాంక్ కలెక్టర్స్ ఆఫ్ అమెరికా' అనే ఈ మీట హుండీల సేకర్తల సంఘం సభ్యులెవరినైనా అడిగితే సరిపోల్చుకోవడానికి కొలత దొరకడం కష్టం కాదు.

గీత గీసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పెన్సిల్ కాస్త వాల్చి పట్టుకుంటే ఒక్కో వైపు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా గీత బయటికి పోతుంది. రెండు చివర్లా కలిపితే మీరు వెతుకుతున్న 2 మిల్లీమీటర్ల తేడా మొత్తం అందులోనే కలిసిపోతుంది, నకలు కాస్తా అసలు కొలతకు సరిపోయి కూర్చుంటుంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌ను నిటారుగా, పీఠం అంచుకు ఆనించి తిప్పండి. ఆ తర్వాత అతి పొడవైన చోటా, అతి వెడల్పైన చోటా కాలిపర్‌తో మళ్లీ కొలిచి అంకెలు పక్కన రాసుకోండి. ఇంకో మాట. కొలత తగ్గితే అది నకలే, ఇక వాదన అక్కర్లేదు. కొలత సరిపోయినంత మాత్రాన అసలుదని తేలిపోదు. ఇప్పుడు స్కాన్ చేసి నమూనాను ఒక శాతం పెంచుకోవడం ఎవరికైనా చేతనయ్యే పనే.

అప్పుడు చేతివేళ్లకు పని చెప్పాలి. స్టీవెన్స్ వారి పోత చాలా మెత్తని ఇసుకలో పోసింది. రంగు పోయిన చోట వేలితో రాస్తే ఇనుము నున్నగా, కాస్త జారుడుగా తగులుతుంది. నకలు పోత రవ్వరవ్వగా, నారింజ తొక్కలా ఉంటుంది. రెక్క మీద ఈకల గీతలు అసలులో అంచు తేలి కనిపిస్తాయి, నకలులో కరిగిపోయిన సబ్బు మీది అక్షరాల్లా మొద్దుబారి ఉంటాయి. భాగాలు కలిసే అతుకు దగ్గర గోరు పెట్టి లాగండి. పాతకాలం పనివాళ్లు ఒక్కో ముక్కనూ ఆకురాయితో సరిచేసి కూర్చారు కాబట్టి గోరు పెద్దగా తట్టుకోదు. సందులో మందపాటి కాగితం దూరిపోతుంటే అనుమానించాల్సిందే. స్క్రూ తల కూడా చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు 1930ల్లో వచ్చినవి. అది ఉంటే హుండీ నకలైనా కావాలి, ఎవరో విప్పి బిగించైనా ఉండాలి. ఒక్క గాడి ఉన్న స్క్రూ అయినా దాని తల కొత్తగా మెరుస్తుంటే అదే లెక్క.

అడుగున నాణేలు తీసే మూత ఉంటుంది. తెరిచి లోపలికి టార్చి కొట్టండి. నూటపాతికేళ్లు గడిచిన ఇనుము లోపల ముదురు గోధుమరంగులో, గట్టిగా అంటుకుపోయిన తుప్పుతో ఉంటుంది. వేలు పెడితే పెద్దగా రాలదు. ఉప్పునీళ్లో, ఆమ్లమో పోసి తొందరగా తెప్పించిన తుప్పు పచ్చి నారింజ రంగులో పొడిపొడిగా వేలికి అంటుతుంది. మూతే లేకపోతే కంగారు పడకండి. పిల్లలు పైసలు తీసుకుని మూత పారేసిన హుండీలు కొల్లలు. దానికి ధర కొంత తగ్గించమని అడగొచ్చు.

రంగు సగం పోయిందన్నారు. ఎంత పోయిందన్నదాని కంటే ఎక్కడ పోయిందన్నది ముఖ్యం. చేయి పడే మీట, నాణెం రాసుకునే ముక్కు, బల్ల మీద జరిగే పీఠం అంచులు, గద్ద నడినెత్తి, రెక్కల కొసలు అరగడం సహజం. రెక్క కింద లోతట్టున, గూటి సందుల్లో రంగు పోయి, ఎత్తుగా ఉన్న చోట నిలిచి ఉంటే ఎవరో ఉప్పుకాగితం పెట్టి ముసలితనం తెప్పించారన్నమాట. పదింతలు చూపే భూతద్దంలో పాత నూనెరంగు సన్నని బీటలతో కనిపిస్తుంది, రంగు ఊడిన చోట అంచు మెత్తబడి, కింద ఇనుము నల్లబారి ఉంటుంది. ఈ గద్దకు అసలులో గాజు కళ్లు. వాటి స్థానంలో రంగు చుక్కలుంటే ఎందుకో అడగండి. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కుంటే ఈ హాబీలో ఎప్పటికీ పనికొస్తుంది. చీకట్లో వెలిగించి చూస్తే తర్వాత దిద్దిన రంగు చుట్టూ ఉన్న పాత రంగుతో కలవకుండా వేరే తీరులో మెరుస్తుంది. మార్కెట్‌లో చీకటి దొరకదు కాబట్టి కోటు కప్పుకునైనా చూడండి, నవ్వేవాళ్లు నవ్వుతారు.

చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి రెక్కలు, మెడ, రెండు పిల్లలు, పీఠం మూలలు అన్నిచోట్లా ఆనించండి. ఎపాక్సీ జిగురుతో పూడ్చిన చోట పట్టు సడలుతుంది. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ కాబట్టి అది వంగదు, కిందపడితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన రెక్కకు ఇత్తడితో అతుకు వేయించి పైన రంగు పూసినవి చాలా తిరుగుతుంటాయి. రెండు పిల్లలనూ పక్కపక్కన పోల్చి చూడండి. ఒకదాని పోత గరుకుగా, కొలత కొంచెం చిన్నగా ఉంటే దాన్ని కొత్తగా పోసి పెట్టారు.

పిల్లలు అరవకపోవడం గురించి మీరు బెంగపడ్డారు గానీ, నా దృష్టిలో అది మంచి సూచన కాకపోయినా చెడ్డదైతే కాదు. లోపల చిన్న తిత్తి ఉంటుంది. మీట నొక్కినప్పుడు అది నలిగి గాలి బయటికి తన్నుకొచ్చి కిచకిచ వస్తుంది. ఇన్నేళ్లకు తిత్తి ఎండి చిరిగిపోవడమే మామూలు. కొత్త తిత్తి వేయించవచ్చు, వేయించినా పరువు తక్కువేమీ కాదు, కాకపోతే మళ్లీ అమ్మేటప్పుడు ఆ మాట చెప్పాలి. అసలు తిత్తి చిరుగు ముక్కలు లోపల మిగిలి ఉంటే వాటిని పారేయకుండా కవర్లో వేసి ఉంచండి. హుండీ అంతా ముసలిదై, తిత్తి ఒక్కటే ఠింగుమని పలుకుతుంటే అది మార్చిందే.

ధర సంగతికి వస్తే, ఈ గద్ద అరుదైన హుండీ కాదు. అన్ని భాగాలూ అసలువై, సగం రంగు మిగిలి ఉంటే 350 డాలర్లు అన్యాయమనను. నకలైతే అందులో నాలుగో వంతు కూడా పెట్టను. ఈ సరుకులో విలువంతా రంగుది. సేకరించేవాళ్లు ఒకరినొకరు మొదట అడిగేదే ఎంత శాతం రంగు ఉందని. అమ్మేవాడు నిజంగా నమ్మి చెబుతుంటే 'అసలుది, నకలని తేలితే పది రోజుల్లో డబ్బు వాపసు' అని బిల్లు మీద రాసివ్వడానికి వెనకాడడు. వెనకాడితే మీరు కూడా అంతే.

పెన్సిల్వేనియాలోనే ఉన్నారు కాబట్టి కొనకముందు ఇంకో పని చేయొచ్చు. లాంకాస్టర్ కౌంటీలోని డెన్వర్‌లో మార్ఫీ, న్యూజెర్సీ వైన్‌లాండ్‌లో బెర్టోయా అనే వేలం సంస్థలు ఈ హుండీలకు పేరున్నవి. వేలానికి ముందు సరుకు చూడనిచ్చే రోజులుంటాయి. అసలు స్టీవెన్స్ పోతను ఒక గంటసేపు చేతుల్లోకి తీసుకుని చూస్తే పైన రాసిన గరుకూ నునుపూ మాటల్లో కంటే తొందరగా ఒంటబడతాయి. అక్కడే కొనాలనుకుంటే పాట పాడిన ధర మీద కొనేవాడి కమీషన్ 20 శాతం, ఆ పైన కూడా పడుతుందని గుర్తుంచుకుని పాడండి. అదే గదిలో ఆఫ్రికన్ అమెరికన్లను, చైనీయులను వెక్కిరిస్తూ చేసిన హుండీలు కూడా కనిపిస్తాయి. ఆనాటి అమెరికా అంగట్లో అవి మామూలు బొమ్మలు. అవి ఇంట్లో పెట్టుకోదగ్గవా కాదా అన్నది మీ ఇష్టం గానీ, నకళ్లు ఎక్కువగా తిరిగే రకాల్లో అవి కూడా ఉన్నాయని తెలిసి ఉంటే మంచిది.

రంగు వేయించవద్దు. పాత రంగు సగమే ఉన్నా అది అసలు రంగు, దాని మీద కొత్త డబ్బా రంగు పడిన క్షణంలో మీరు పెట్టిన డబ్బులో చాలాభాగం పోతుంది. వెనిగర్లో నానబెట్టడం, కరెంటు పెట్టి తుప్పు వదిలించడం, సబ్బునీళ్లతో కడగడం ఏవీ వద్దు. బఫెలోలోని షెపర్డ్ హార్డ్‌వేర్ వారి హుండీలైతే మరీ జాగ్రత్త. రంగుల పనితనం ముచ్చటగా ఉంటుంది కానీ కింద ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) లేకపోవడంతో తడి తగిలితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మీ గద్దకు మెత్తని కుంచెతో దుమ్ము దులపడం చాలు. ఇరుసుల దగ్గర బిగిసినట్టుంటే పళ్లుకుట్టుకునే పుల్ల కొసతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, అది కూడా రంగుకు అంటకుండా లోపలివైపు నుంచి. ఊడని రంగు మీద మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాయవచ్చు. లేచిపోతున్న చోట మైనం గుడ్డ కూడా పెట్టకండి, పెచ్చు గుడ్డతో వచ్చేస్తుంది.

కాకినాడ ప్రయాణం. ముందు లోపల నాణేలేమైనా ఉంటే తీసేయండి, కుదుపులకు అవే లోపలి నుంచి సుత్తుల్లా కొడతాయి. గద్ద ఊగకుండా మెత్తని నూలు నాడాతో పీఠానికి కట్టండి, సెల్లోటేపు రంగుకు తగలకూడదు. ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టాకే బబుల్ రేపర్ వాడండి. నేరుగా చుడితే వేడికి ఆ బుడగల ముద్రలు రంగు మీద పడతాయి. సరుకు చెక్-ఇన్‌లో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి, భద్రతా తనిఖీ దగ్గర విప్పి చూపమంటారు కాబట్టి పైనే ఉంచండి. ఇదే గద్ద కాకుండా తుపాకీ పట్టుకున్న సిపాయి హుండీ లాంటిదైతే చేతిసంచిలో అనుమతిస్తారో లేదో ముందే కనుక్కోవాల్సి వచ్చేది.

కొన్న బిల్లు, ఫోటోలు, కొలతలు అన్నీ వెంట ఉంచుకోండి. కస్టమ్స్‌లో విలువ చూపడానికే కాదు, ఇంకో కారణముంది. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువును దేశం బయటికి తీసుకెళ్లడం సొంతదారు ఇష్టం మీద జరిగే పని కాదు. ఎప్పుడైనా ఈ హుండీని తిరిగి అమెరికా తెచ్చుకోవాలన్నా, అక్కడి వేలంలో పెట్టాలన్నా పురావస్తు శాఖ గడప తొక్కాల్సి రావచ్చు. అప్పుడు అది ఎక్కడ కొన్నదో, ఏ సంవత్సరం దేశంలోకి వచ్చిందో చెప్పే కాగితాలు లేకపోతే చిక్కే. నకలైతే పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ఇచ్చేస్తారు, అదొక్కటే నకలు వల్ల ఉన్న సుఖం.

సముద్రపు గాలి ఇనుముకు పరమ శత్రువు. గాల్లో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది, ఉప్పు తగిలిన చోట తుప్పు రంగు కిందికి పాకిపోతుంది. నాన్నగారి హాల్లో కిటికీ పక్కన షోకేసులో పెట్టవద్దు. రబ్బరు బీడింగు ఉన్న గాజు అలమరలో, 200 గ్రాముల సిలికా జెల్ పొట్లం, చిన్న తేమ మీటరు పెట్టి 50 శాతానికి అటూఇటూ ఉండేలా చూడండి. జెల్ రంగు మారగానే వేయించి మళ్లీ పెట్టవచ్చు. ఏసీ రాత్రి వేసి పగలు ఆపే గదిలో ఇనుము చల్లబడి ఉంటుంది. ఏసీ ఆగి బయటి తేమ లోపలికి రాగానే దాని మీద చెమట పడుతుంది, కాబట్టి అలాంటి గది కంటే ఎప్పుడూ ఒకే వేడిలో ఉండే లోపలి గది నయం.

చిన్నపిల్లల విషయంలో మొహమాటం వద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది. 1950ల నకలు అయినా ఆ భయం పోదు, అమెరికాలో ఇళ్ల రంగుల్లో, బొమ్మల మీద సీసాన్ని నిషేధించింది 1978లో. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు హుండీ అందకూడదు, పట్టుకున్న పెద్దలు చేతులు కడుక్కోవాలి, రాలిన పెచ్చులను ఊడ్చకుండా తడిగుడ్డతో అద్ది తీసేయాలి.

నాన్నగారు పండక్కో పబ్బానికో ఆడించి చూపిస్తామంటే ఆడించవచ్చు. మీటను టక్కున కొట్టకుండా నెమ్మదిగా నొక్కి, గద్ద వెనక్కి వచ్చేటప్పుడు వేలు అడ్డం పెట్టి మెల్లగా వదలాలి. స్ప్రింగు విసురుకు మెడ దగ్గరి సన్నని పోత విరిగిన హుండీలున్నాయి. నాణేనికి అమెరికా సెంటు సరిపోతుంది, 1880ల్లో కూడా దాని వెడల్పు 19 మిల్లీమీటర్లే. ఇక్కడి నాణెమే కావాలంటే 2019 తర్వాత వచ్చిన రూపాయి 20 మిల్లీమీటర్లు, దాదాపు అదే కొలత. అయినా ముక్కులో పట్టి చూడకముందే నొక్కకండి. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, దాన్ని బలవంతంగా దూర్చారా, ముక్కు చుట్టూ మిగిలిన రంగు గీరుకుపోతుంది.